గొంతు పక్కన పెట్టి పాట వినగలమా?

2023 మార్చి 12న లాస్ ఏంజెలిస్‌లో ‘నాటు నాటు’కు ఆస్కార్ ప్రకటించినప్పుడు బంగారు బొమ్మ అందుకున్నది ఇద్దరే: బాణీ కట్టిన కీరవాణి, పాట రాసిన చంద్రబోస్. అదే రాత్రి అదే వేదిక మీద ఆ పాట పాడిన రాహుల్ సిప్లిగంజ్‌కి గానీ, కాలభైరవకి గానీ బొమ్మ రాలేదు. అన్యాయం అనిపించవచ్చు గానీ, అది ‘ఒరిజినల్ సాంగ్’ విభాగం. పాటను పుట్టించిన వాళ్లదే తప్ప పాడిన వాళ్లది కాదు. కాగితం మీద ఇంత తేలికగా కనిపించే ఈ తేడా జడ్జీల బల్ల దగ్గరికి వచ్చేసరికి నిలబడదు. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైన యూరోవిజన్‌నే చూడండి. పేరుకు అది పాటల పోటీ. కానీ జ్యూరీ సభ్యులు చూడాల్సిన నాలుగు అంశాల్లో పాట రచన, కొత్తదనం అనేది ఒక్కటే నేరుగా పాటకు సంబంధించింది. మిగిలినవి వేదిక మీద ప్రదర్శన, గొంతు సత్తా, మొత్తమ్మీద కలిగిన అభిప్రాయం.

మన దగ్గర ఈ తికమక ఇంకాస్త ఎక్కువ. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైన దగ్గర్నుంచి పాటల పోటీ అంటే మనకు గొంతుల పోటీయే. శ్రుతి తప్పిందా, తాళం జారిందా, ‘శ’ని ‘ష’గా పలికారా అని ఇంట్లో సోఫాలో కూర్చుని చెప్పేయగలం. అక్కడ ఒక సౌకర్యం ఉంది. పాట ముందే ఉంది. ఘంటసాలో, సుశీలో పాడిన అసలు పాట చెవిలో మోగుతుంటే కొత్తగా పాడినవారిని దానితో పోల్చుకుంటాం. ఔత్సాహికులు సొంతంగా రాసి, బాణీ కట్టి పంపే పాటల పోటీలో అలాంటి అసలు ప్రతి ఉండదు. జడ్జి చేతిలో కొలబద్ద లేదు. కొలబద్ద లేనప్పుడు మనసు దొరికినదాన్ని పట్టుకుంటుంది. నిండైన గొంతు, స్టూడియో రికార్డింగ్, వెనకాల వయొలిన్లు, పాడే మనిషి ఠీవి: వీటిలో ఏదీ పాట కాదు. ఔత్సాహికుల పోటీకి ఇవి చేసే హాని కూడా ఎక్కువే. ఒకరు డబ్బిచ్చి గాయకుణ్ణి పెట్టుకుని ట్రాక్ చేయించుకుంటారు, ఇంకొకరు హాస్టల్ గదిలో ఫ్యాన్ ఆపి ఫోన్‌లో రికార్డు చేసి పంపుతారు. ఇద్దరినీ ఒకే చెవితో విన్నామని జడ్జీలు నమ్మకంగానే చెబుతారు. ఆ నమ్మకం మీదే నాకు అనుమానం. మంచి జడ్జిని ఎంచుకోవడం ఒక్కటే చాలదు, ఆ జడ్జి ఎలా వినాలో కూడా ముందే కట్టడి చేయాలి.

అనుమానానికి ఆధారాలున్నాయి. చియా జంగ్ సే అనే పరిశోధకురాలు 2013లో ఒక చిత్రమైన ప్రయోగం ప్రచురించారు. అంతర్జాతీయ శాస్త్రీయ సంగీత పోటీల్లో చివరి ముగ్గురి ప్రదర్శనల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి, అసలు విజేత ఎవరో చెప్పమన్నారు. కొందరికి శబ్దం మాత్రమే, కొందరికి శబ్దం లేని వీడియో మాత్రమే. గుడ్డిగా ఎంచినా మూడింట ఒక వంతు సరిపోతాయి. శబ్దం విన్నవాళ్లు అంతకు మించలేదు. మూగ వీడియో చూసినవాళ్లు దాదాపు సగం సార్లు సరిగ్గా చెప్పారు. సంగీతమే వృత్తిగా ఉన్నవాళ్లూ ఇంతే, పైగా తీర్పుకు అన్నిటికంటే శబ్దమే ముఖ్యమని చెప్పిందీ వాళ్లే. తర్వాత వచ్చిన పరిశోధనలు దీనికి ఒక హద్దు గీశాయి: పోటీదారుల మధ్య తేడా బాగా ఉన్నప్పుడు ఈ ఫలితం అంత గట్టిగా నిలవదు. ఒప్పుకోవాల్సిందే. అయితే ఫైనల్‌కి వచ్చిన పాటల మధ్య తేడా ఎప్పుడూ తక్కువే కదా, అక్కడే కన్ను చెవిని మోసం చేస్తుంది.

వరసది మరో కథ. బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ పోటీలో పియానో, వయొలిన్ కళాకారులు ఎవరెప్పుడు వాయించాలో చీటీ తీసి నిర్ణయిస్తారు. ఆ ఫలితాలను పరిశీలించి ఫ్లోరెస్, గిన్స్‌బర్గ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 1996లో తేల్చింది ఏమిటంటే, మొదటి రోజు వాయించినవారికి పైస్థానాలు దక్కే అవకాశం తక్కువ. చీటీకీ ప్రతిభకూ సంబంధం లేదు. మొదట విన్నదానికి మార్కులు దాచుకుని వేస్తారు, ఇంకా గొప్పది రావచ్చునన్న ఆశతో. గిన్స్‌బర్గే తర్వాత ఇంకొకరితో కలిసి చేసిన అధ్యయనంలో తేలింది ఇంకా చేదు: అలా పైస్థానం దక్కినవారికి ఆ తర్వాతి వృత్తి జీవితం కూడా బాగా సాగింది. అంటే చీటీలో పడిన రోజు కొందరి బతుకుదారిని కూడా కొంత నిర్ణయించిందన్నమాట.

పక్కవారి అభిప్రాయం సంగతి 2006లో సాల్గనిక్, డాడ్స్, వాట్స్ తేల్చారు. పెద్దగా ఎవరికీ తెలియని బృందాల 48 పాటలు ఇంటర్నెట్‌లో పెట్టి, 14 వేల మందికి పైగా వినిపించారు. కొందరికి పాట పేరు, బృందం పేరు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో కూడా చూపించారు. ఆ అంకె కనిపించిన చోటల్లా ఎక్కే పాట మరీ పైకెక్కింది, జారే పాట మరీ జారింది. ఒక గుంపులో నెత్తిన పెట్టుకున్న పాట ఇంకో గుంపులో అడుగున పడింది. బాగా మంచివి పూర్తిగా మునగలేదు, బాగా చెడ్డవి తేలలేదు గానీ మధ్యలో ఉన్న వాటి గతి మాత్రం గాలివాటమే. ముగ్గురు జడ్జీలు పక్కపక్కన కూర్చుని, ఒక పెద్దాయన ‘ఆహా’ అన్నాక మిగతా ఇద్దరూ కలం తీస్తే జరిగేదీ ఇదే.

ఇవన్నీ పక్కన పెడితే మిగిలే పాట ఎలా ఉంటుంది? తెలుగు పాట విషయంలో మొదట చూడాల్సింది మాటా బాణీ ఒకదాన్నొకటి మోస్తున్నాయా లేదా అని. మనకు హ్రస్వం, దీర్ఘం మారితే అర్థమే మారిపోతుంది. ‘మది’ అన్న మాటలో మొదటి అక్షరం మీద బాణీ రెండు మాత్రలు నిలబడితే వినేవారికి ‘మాది’ అని వినిపిస్తుంది, ప్రేమ పాట కాస్తా ఆస్తి తగాదా అవుతుంది. గొంతు బాగున్న గాయని దీన్ని గమకంతో కప్పేయగలదు, అందుకే పాడకముందే సాహిత్యం కాగితం మీద చదవాలి. రెండోది, చరణాలు ఏం చేస్తున్నాయి? ఔత్సాహికుల పాటల్లో ఎక్కువగా కనిపించే లోపం పల్లవి కాదు, రెండో చరణం. మొదటి చరణంలో చెప్పిందే ఉపమానాలు మార్చి మళ్లీ చెబుతారు. రెండు చరణాలనూ తారుమారు చేసి చదివినా తేడా తెలియకపోతే అక్కడ ఒకటే చరణం ఉన్నట్టు లెక్క. మూడోది, పల్లవి తిరిగి వచ్చినప్పుడు అవే మాటలు కొత్తగా వినిపిస్తున్నాయా? ప్రాస కుదిరిందా అన్నది నా లెక్కలో వీటి తర్వాతే. ప్రాస కోసం తెచ్చి అతికించిన మాట దూరం నుంచే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పాటను గొంతు నుంచి విడదీయడం అసలు కుదిరే పనేనా? గద్దర్ పాటను ఆ గొంగడి, ఆ గజ్జెలు, ఆ గొంతు లేకుండా ఊహించగలమా? ఊహించలేం. అయినా ఆయన పాటలను ఆయన లేని వేలాది సభల్లో ఎవరెవరో పాడారు, అవి నిలబడ్డాయి. ఇంకొకరి గొంతులోకి వెళ్లి బతికి బయటపడటమే పాటకు అసలు పరీక్ష అనుకుంటే గొంతును కొట్టిపారేయక్కర్లేదు, గొంతును మారిస్తే చాలు. చివరి వడపోతకు వచ్చిన పాటలన్నీ ఒకే మనిషి చేత, ఒక్క హార్మోనియం పక్కన పెట్టుకుని పాడించవచ్చు. సొంత పాట సొంతంగా పాడటాన్ని గౌరవించే పోటీలూ ఉన్నాయి. 1972 నుంచి టెక్సాస్‌లోని కెర్విల్‌లో నడుస్తున్న జానపద సంగీత ఉత్సవంలో కొత్త రచయితల పోటీ అలాంటిది. ఫైనల్‌కి వచ్చినవారు తమ పాటలు తామే పాడతారు, విజేతలుగా ఒక్కరిని కాక ఆరుగురిని ఎంచుతారు. గొంతు ప్రభావం తప్పదనుకున్నప్పుడు ఒక్కరికే కిరీటం పెట్టకపోవడం మంచి పద్ధతి.

ఇక రుచి మాట. ఎవరి రుచి వారిది, మార్కులెందుకు అనేవారున్నారు. వారి వాదనలో సగం నిజం ఉంది, కాకపోతే ఆ నిజం మార్కులు వేయడంలో కాదు, కూడటంలో బయటపడుతుంది. ఒక పాటకు ముగ్గురు జడ్జీలూ ఏడేసి వేశారనుకోండి, మొత్తం 21. మరో పాటకు ఒకరు పది, ఒకరు ఎనిమిది, ఒకరు రెండు వేశారు, మొత్తం 20. గెలిచేది ఎవరికీ అభ్యంతరం లేని పాట, ఎవరికీ గుర్తుండని పాట కూడా బహుశా అదే. కూడిక లెక్క మొహమాటస్తుల వైపు మొగ్గుతుంది. విరుగుడు చిన్నది: ప్రతి జడ్జికీ మార్కులతో పని లేకుండా ఒక్క పాటను ఫైనల్‌కి పంపే హక్కు ఇవ్వాలి. రెండు మార్కులు వేసినవారు ఎందుకు వేశారో, పది వేసినవారు ఏం విన్నారో ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవాలి. ఈ చర్చ మార్కులు రాసి ఇచ్చేశాక జరగాలి తప్ప ముందు కాదు. 48 పాటల ప్రయోగం నేర్పింది అదే.

సొంత పాట అవునా కాదా అన్నది తేల్చడం ఇంతకంటే కష్టం. జార్జ్ హారిసన్ ‘మై స్వీట్ లార్డ్’ బాణీ అంతకు ముందే వచ్చిన ఇంకో పాటదని 1976లో అమెరికా కోర్టు తీర్పు చెప్పింది. ఆయన కావాలని ఎత్తేశాడనలేదు, తెలియకుండానే మనసులోంచి వచ్చిందని చెప్పింది. బీటిల్స్ సభ్యుడికే తప్పనిది కాలేజీ కుర్రాడికి తప్పుతుందా? వినగానే తెలిసినట్టుందే అనిపిస్తే దొంగ అనకుండా, ఏ పాట గుర్తొచ్చిందో పేరు రాసి రచయితనే అడగాలి. రెండు మాటలు చెబితే ట్యూన్‌తో సహా పాట చేసిచ్చే కృత్రిమ మేధ యాప్‌లు వచ్చాక ఈ అడగడం ఇంకా అవసరమైంది. ఈ పాదాన్ని ఎందుకిలా తిప్పారు, ముందు ఏం రాసి కొట్టేశారు అని అడిగితే, రాసినవారి దగ్గర సాధారణంగా ఏదో ఒక జవాబు ఉంటుంది.

పోటీకి వచ్చిన పాటల్లో చాలావాటికి బహుమతి రాదు. వాటిని రాసినవారికి చేరేది జడ్జి రాసిన రెండు వాక్యాలే. ‘ప్రయత్నం బాగుంది, ఇంకా కృషి చేయాలి’ అన్నది ఏ పాటకైనా రాయొచ్చు, వినకుండానే. ‘రెండో చరణం మూడో పాదంలో బాణీ పైకి వెళ్తుంటే మాట కిందికి దిగింది, అక్కడ ఇంకో మాట వెతకండి’ అని రాయాలంటే పాటను కనీసం రెండుసార్లు వినాలి, సాహిత్యం కాగితం ముందు పెట్టుకుని. నిర్వాహకులు జడ్జీలకు పాటలు పంచేటప్పుడు ఆ రెండో వినికిడికి కూడా సమయం లెక్కవేసి ఇవ్వాలి.