వేగమొక్కటే చాలదు: జింకల వేటకు చిన్న క్యాలిబర్ రైఫిల్, అపోహలు – వాస్తవాలు

నవంబరు మొదటి శనివారం టెక్సాస్‌లో తెల్లతోక జింకల వేట సీజను మొదలవుతుంది. దానికి కొన్ని వారాల ముందే తుపాకుల దుకాణాలు కిటకిటలాడతాయి. మొదటి రైఫిల్ కొనడానికి వచ్చినవాళ్లకు అక్కడ తరచుగా వినిపించే సలహా ఒకటుంది: "చిన్న బుల్లెట్, పెద్ద వేగం ఉన్నది తీసుకో. గీత గీసినట్టు పోతుంది. దూరం, గాలి, బరువు, ఏదీ పట్టించుకోనక్కర్లేదు."

.243 వించెస్టర్, .25-06 రెమింగ్టన్, .257 వెదర్‌బీ మాగ్నమ్ ఈ కోవకు చెందిన పేరున్న తూటాలు. మంచివే. కానీ వాటి చుట్టూ అల్లుకున్న మాటల్లో సగమే నిజం. ఆ మిగతా సగాన్ని నమ్మినందుకు బాధ పడేది మనం కాదు, గాయంతో పొదల్లోకి పోయి గంటల తరబడి విలవిల్లాడే జంతువు. అందుకే ఒక్కో మాటనూ సరిచూసుకోవాలి.

అపోహ 1: వేగంగా పోయే బుల్లెట్ కొంతదూరం కిందికి దిగదు, పైకి కూడా లేస్తుంది.

వాస్తవం: గొట్టం దాటిన క్షణం నుంచి ప్రతి బుల్లెట్‌నూ భూమి ఒకేలా కిందికి లాగుతుంది. తేడా అంతా సమయంలో ఉంది. వేగమైనది లక్ష్యాన్ని త్వరగా చేరుతుంది కాబట్టి పడటానికి దానికి వ్యవధి తక్కువ. ఇక లేవడం సంగతి. స్కోపు గొట్టానికి సుమారు ఒకటిన్నర అంగుళం పైన ఉంటుంది. 200 గజాలకు గురి సరిచేసిన రైఫిల్లో గొట్టం మూతి చూపురేఖ వైపు కాస్త ఎత్తి ఉంటుంది. అందువల్ల బుల్లెట్ సుమారు 30 గజాల దగ్గర చూపురేఖను కింది నుంచి దాటుతుంది. 100 గజాల దగ్గర ఒకటిన్నర, రెండు అంగుళాలు పైన ఉండి, 200 దగ్గర మళ్లీ రేఖను కలిసి, ఆపైన దిగిపోతుంది. ఎత్తినది గొట్టం, బుల్లెట్ తనంతట తాను లేవదు.

అపోహ 2: .243 ముందు పెద్ద క్యాలిబర్ పాత తూటా .30-06 రాయి విసిరినట్టే.

వాస్తవం: లెక్క చూడండి. .243లో 100 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ సెకనుకు సుమారు 2,960 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్ వేగం సుమారు 2,700 అడుగులు. రెండింటికీ 200 గజాలకు గురి సరిచేస్తే, 300 గజాల దగ్గర మొదటిది ఏడు అంగుళాల చిల్లర దిగితే రెండోది ఎనిమిదిన్నర దాకా దిగుతుంది. తేడా రెండు అంగుళాల లోపే. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది నుంచి పది అంగుళాల వెడల్పుంటుంది. కాబట్టి 250 గజాల దాకా ఏ రైఫిల్ పట్టుకున్నా నేరుగా గురిపెట్టి కాల్చవచ్చు. చదునైన దారి వల్ల మేలు ఉన్నమాట నిజమే, కానీ అది ప్రచారం చేసినంత పెద్దది కాదు. దూరాన్ని అంచనా వేయడంలో చేసే చిన్న పొరపాటును అది కొంత క్షమిస్తుంది. గురి తప్పితే మాత్రం కాపాడదు.

అపోహ 3: అంత వేగంగా పోయేదాన్ని గాలి ఏం చేస్తుంది?

వాస్తవం: చేస్తుంది. గంటకు పది మైళ్ల అడ్డగాలిలో .243 బుల్లెట్ 300 గజాలకు ఏడెనిమిది అంగుళాలు పక్కకు జరుగుతుంది. ఇంకా చిన్నదైన .223లో 55 గ్రెయిన్ల తేలిక బుల్లెట్ అయితే దాదాపు అడుగు జరుగుతుంది. గుండెకు గురిపెట్టిన దెబ్బ పొట్టలో తగలడానికి ఆ జరుగుడు చాలు. దూరాన్ని రేంజ్‌ఫైండర్ చెప్పేస్తుంది. గాలిని మాత్రం గడ్డి ఊగే తీరు చూసి మనమే చదవాలి. పైగా మన దగ్గర వీచే గాలి, జింక నిలబడ్డ చోట వీచే గాలి ఒకటి కాకపోవచ్చు. బరువుగా, సన్నగా, పొడవుగా ఉన్న బుల్లెట్ గాలిని బాగా చీల్చుకుపోతుంది. అందుకే ఒకే క్యాలిబర్‌లో అత్యంత వేగమైన తూటా ఎక్కువ దూరాలకు అత్యుత్తమం కావాలని లేదు.

అపోహ 4: వేగమే చంపుతుంది. ఎక్కడ తగిలినా ఆ అదురుకే జింక పడిపోతుంది.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. జంతువు ప్రాణం త్వరగా పోవాలంటే మెదడుకు రక్తం ఆగాలి. గుండెలోనో రెండు ఊపిరితిత్తుల్లోనో బుల్లెట్ దారి చేసుకుంటే అది క్షణాల్లో జరుగుతుంది. పొట్టలోనో తొడలోనో తగిలితే ఎంత వేగమైన బుల్లెట్ అయినా ఆ పని చేయలేదు.

దెబ్బ తగిలిన చోటికి వెళ్లి వంగి చూడండి. ఓక్ ఆకుల మీద లేత గులాబీ రంగు నెత్తురు, అందులో సన్నటి నురగ కనిపిస్తే బుల్లెట్ ఊపిరితిత్తుల్లోంచి పోయింది. అలాంటి జింక సాధారణంగా దగ్గర్లోనే పడి ఉంటుంది. నెత్తురు తక్కువగా ఉండి పచ్చటి, ముతక పదార్థం కలిసి, వాసన వేస్తుంటే అది పొట్ట దెబ్బ. వెంటనే వెంటబడితే అది బెదిరి ఇంకా దూరం పోతుంది. గంటల తరబడి ఆగాల్సిందే. ఆ గంటలన్నీ ఆ జంతువు అనుభవిస్తుంది. తూటాల పెట్టె మీద రాసిన వేగం ఆ బాధను ఒక్క నిమిషం కూడా తగ్గించదు.

అపోహ 5: క్యాలిబర్ ఒకటైతే బుల్లెట్ ఏదైనా ఒకటే.

వాస్తవం: .243లోనే 58 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 3,900 అడుగుల పైచిలుకు వేగంతో పోతుంది. అది కొయోటీల వంటి చిన్న జంతువుల కోసం, తగలగానే ముక్కలైపోయేలా చేసినది. జింక భుజం ఎముకకు తగిలితే పైపైనే పగిలి, లోపలికి చేరకపోవచ్చు. జింకలకు 90–100 గ్రెయిన్ల గట్టి కట్టడం ఉన్నవి కావాలి, లేదా 80–85 గ్రెయిన్ల రాగి బుల్లెట్లు.

వేగం బుల్లెట్‌ను పరీక్షకు పెడుతుందన్న సంగతి జాన్ నోస్లర్ అనే వేటగాడికి 1946లో తెలిసొచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ వేటకు వెళ్లినప్పుడు ఆయన వేగమైన .300 మాగ్నమ్ బుల్లెట్లు లోపలికి దిగకుండా విఫలమయ్యాయి. దాంతో మధ్యలో అడ్డుగోడ ఉన్న బుల్లెట్‌ను ఆయన రూపొందించారు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా లోతుకు పోతుంది. పార్టిషన్ పేరుతో అది ఇప్పటికీ అమ్ముడవుతోంది.

గొట్టంలోని గాడుల మెలిక కూడా చూడాలి, బుల్లెట్‌ను స్థిరంగా తిప్పేది అదే. 1955లో వించెస్టర్ .243ను, రెమింగ్టన్ .244ను తెచ్చాయి. రెండూ ఒకే మందం బుల్లెట్లను కాల్చేవే. వించెస్టర్ పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులు పెట్టి 100 గ్రెయిన్ల బుల్లెట్‌ను ఇచ్చింది. రెమింగ్టన్ పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు పెట్టి తేలిక బుల్లెట్లకే పరిమితమైంది. జింకల వేటగాళ్లు .243 వైపే పోయారు. రెమింగ్టన్ మెలిక బిగించి, 1963లో తన తూటాకు 6 ఎంఎం రెమింగ్టన్ అని కొత్త పేరు పెట్టినా పోయిన ఆదరణ తిరిగి రాలేదు.

అపోహ 6: చిన్న క్యాలిబర్ రైఫిల్ వెనక్కి తన్నదు కాబట్టి సాధన అంతగా అక్కర్లేదు.

వాస్తవం: దాదాపు ఒకే బరువున్న రైఫిళ్లలో .30-06తో పోలిస్తే .243 తన్ను ఇంచుమించు సగమే. దాని అసలు గొప్పతనం ఇదే. తన్ను తక్కువైతే భయం తక్కువ, భయం తక్కువైతే గురి నిలుస్తుంది. ఈ సుగుణం సాధనతోనే ఫలిస్తుంది.

ఒక చిన్న పరీక్ష ఉంది. మందు లేని డమ్మీ తూటాను అసలు తూటాల మధ్య మీకు తెలియకుండా మీ మిత్రుడిని పెట్టమనండి. దాని వంతు వచ్చి ట్రిగ్గర్ టక్కుమన్నప్పుడు గొట్టం మూతి ఒక్కసారి కిందికి వంగిపోతే, మీరు శబ్దానికి ముందే బెదురుతున్నారన్నమాట. అది పోయేదాకా వేట దూరాన్ని పెంచకండి. బల్ల మీద ఆనించి కాల్చిన గురిని నమ్ముకోవద్దు. మోకాళ్ల మీద కూర్చుని, కర్రకు ఆనించి, కాస్త ఆయాసంతో ఉన్నప్పుడు ఎంత దూరంలో ఎనిమిది అంగుళాల వలయాన్ని ప్రతిసారీ కొట్టగలరో అదే మీ హద్దు.

అపోహ 7: దుకాణంలో అమ్మారంటే ఎక్కడైనా వాడుకోవచ్చు.

వాస్తవం: అమెరికాలో ఏ రాష్ట్రం నిబంధన ఆ రాష్ట్రానిది. కొలరాడోలో జింకలకు కనీసం .24 క్యాలిబర్, 70 గ్రెయిన్ల బుల్లెట్ ఉండాలి. వర్జీనియాలో కనీసం .23. ఒహాయోలో కేసు నిటారుగా ఉన్న తూటాలకే అనుమతి, కాబట్టి మెడ సన్నబడిన .243 అక్కడ చెల్లదు. టెక్సాస్‌లో రిమ్‌ఫైర్ తూటాలతో జింకలను వేటాడకూడదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అక్కడ వేటగాళ్ల శిక్షణ పూర్తిచేయాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసపు బుల్లెట్లు పూర్తిగా నిషేధం.

హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్న మనవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాతో ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ఒక మినహాయింపు. లైసెన్సు గడువు తీరితే ఆ మినహాయింపు కూడా పోతుంది. షూటింగ్ రేంజిలో స్నేహితుడి తుపాకి పట్టుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కొనడానికి ముందే న్యాయవాదిని అడగడం మంచిది.

అపోహ 8: టెక్సాస్‌లో చుక్కల దుప్పిని కొట్టవచ్చంటే ఇండియాలోనూ ఏదో దారి ఉంటుంది.

వాస్తవం: లేదు. మన నల్లమలలో తిరిగే చుక్కల దుప్పినీ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకనూ 1930లలో టెక్సాస్‌కు తీసుకెళ్లి వదిలారు. అక్కడ అవి బయటి నుంచి వచ్చిన జాతులు, బాగా పెరిగాయి, లైసెన్సుతో వేటాడతారు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి వేట జైలుశిక్ష పడే నేరం. ఈ వ్యాసంలోని సలహాలేవీ మన అడవులకు వర్తించవు.

మరి ఎలా ఎంచుకోవాలి?

ముందు బుల్లెట్, తర్వాత తూటా, ఆ తర్వాతే రైఫిల్. వేటాడే జంతువు బరువుకు తగిన, గట్టి కట్టడం ఉన్న బుల్లెట్‌ను నిర్ణయించుకోండి. దాన్ని స్థిరంగా తిప్పగల మెలిక ఉన్న గొట్టం చూడండి. మీ భుజం బెదరకుండా భరించే తూటా తీసుకోండి. సన్న శరీరం ఉన్నవారికీ కొత్తవారికీ .243 చక్కటి ఎంపిక. టెక్సాస్ పశ్చిమాన విశాలమైన మైదానాల్లో వేటాడేవారికి .25-06 ఇంకాస్త వెసులుబాటు ఇస్తుంది. వందేళ్లు నిండిన .270 వించెస్టర్ ఇప్పటికీ ఈ రెండింటికీ దీటుగా నిలుస్తుంది. మిగిలిన డబ్బుతో కొత్త హంగులు కొనకండి, తూటాలు కొని రేంజికి వెళ్లండి. దూరం ఎక్కువనిపించినా, జింక పక్కకు తిరిగి నిలబడకపోయినా, గాలి అంతుపట్టకపోయినా ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేయండి. తన చేతిలో ఏ రైఫిల్ ఉన్నా, కాల్చకూడని దెబ్బను కాల్చకుండా ఆగగలిగినవాడే మంచి వేటగాడు.