గీజర్‌ వెలిగింది.. మరి గాలి వస్తోందా?

చలి మొదలైందంటే మా క్యాజువాలిటీకి ఒక రకం కేసులు వస్తుంటాయి. ‘స్నానానికి వెళ్లిన పిల్ల ఎంతకీ బయటికి రాలేదు డాక్టర్‌ గారూ, తలుపు పగలగొట్టి చూస్తే కింద పడి ఉంది’ అంటూ కన్నవాళ్లు వణికిపోతూ వస్తారు.

అలా వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి సంగతి చెబుతాను. అంతకు నెల రోజుల ముందు కూడా ఓసారి పడిపోయిందట. ఫిట్స్‌ అనుకుని మందులు వాడుతున్నారు. ‘రెండుసార్లూ ఎక్కడ పడిపోయింది?’ అని అడిగాను. ‘బాత్రూంలోనే’ అన్నారు. ‘నీళ్లు దేంతో కాచుకుంటారు?’ అన్నాను. గ్యాస్‌ గీజర్‌. అదీ బాత్రూం లోపలే. చల్లగాలి వస్తోందని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టారు. సమస్య ఏమిటో అక్కడే తెలిసిపోయింది. ఆక్సిజన్‌ పెట్టాక కోలుకుంది. న్యూరాలజీ డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, ఫిట్స్‌ మందులను క్రమంగా మాన్పించారు. ఆ ఇంట్లో మార్చాల్సింది మందు కాదు, గీజర్‌ ఉన్న చోటు.

ఇలాంటి కేసులు చాలా చూశాక మన దేశంలోని న్యూరాలజిస్టులు దీనికి ‘గ్యాస్‌ గీజర్‌ సిండ్రోమ్‌’ అనే పేరే పెట్టారు.

మంట ఎందుకు విషమవుతుంది?

వంటగ్యాస్‌ ఒక వంతు పూర్తిగా మండాలంటే దాదాపు 25 నుంచి 30 వంతుల గాలి కావాలి. తలుపు వేసిన చిన్న బాత్రూంలో అంత గాలి ఎక్కడిది? పొగ బయటికి పోయే గొట్టం లేని గీజరైతే మండగా వచ్చిన వాయువులు కూడా అక్కడే పోగవుతాయి. ఆక్సిజన్‌ తగ్గేకొద్దీ గ్యాస్‌ సగం సగం మండి, కార్బన్‌ మోనాక్సైడ్‌ పుడుతుంది.

దీనికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. సిలిండర్‌ లీకైతే వచ్చే ఘాటు వాసన, మనం గుర్తుపట్టాలని కంపెనీలు కలిపే రసాయనానిది. మండాక అదీ ఉండదు. అందుకే ‘వాసనేం రాలేదు కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ ఆక్సిజన్‌ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు అందాల్సిన ఆక్సిజన్‌ తగ్గిపోతుంది. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం ఉంటాయి. తర్వాత స్పృహ తప్పుతుంది, కొందరికి ఫిట్స్‌ వస్తాయి. కోలుకున్నవాళ్లలో కొందరు ‘గడియ తీయాలని తెలుస్తూనే ఉంది, కాళ్లూ చేతులూ కదల్లేదు’ అంటారు. ఈ వాయువు అంత భయంకరమైనది.

గర్భిణులు, చిన్నపిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తహీనత ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. తల్లికి పెద్దగా ఇబ్బంది అనిపించకపోయినా కడుపులో బిడ్డకు హాని జరగొచ్చు.

గీజర్‌ ఎక్కడ ఉండాలి?

గ్యాస్‌ గీజర్‌ బాత్రూంలో ఉండకూడదు. గాలి ధారాళంగా ఆడే యుటిలిటీ బాల్కనీలోనో, బయటి గోడకో బిగించి, వేడినీళ్లను పైపుతో లోపలికి తెచ్చుకోవాలి. సిలిండర్‌ కూడా బయటే ఉండాలి. బాత్రూం కిటికీకి ఆనించి పెట్టినా పొగ లోపలికే వస్తుంది, కాస్త ఎడంగా పెట్టించండి.

‘ఎగ్జాస్ట్‌ ఫ్యాను ఉంది కదా’ అని కొందరంటారు. తలుపూ కిటికీ బిగించి ఉంటే ఫ్యాను ఎక్కణ్నుంచి గాలి లాగుతుంది? లోపలికి గాలి వచ్చే దారి, బయటికి పోయే దారి రెండూ ఉండాలి.

అద్దె ఇల్లు, ఇప్పటికిప్పుడు మార్చలేం అంటారా? అయితే తలుపు, కిటికీ తెరిచే బకెట్లు నింపుకోండి. గీజర్‌ కట్టేసి, సిలిండర్‌ దగ్గరా ఆపి, కొన్ని నిమిషాలు గాలి ఆడనివ్వండి. ఆ తర్వాతే స్నానానికి వెళ్లండి. గీజర్‌ వెలుగుతుండగా షవర్‌ కింద నిలబడొద్దు. ఇది తాత్కాలిక జాగ్రత్త మాత్రమే. ఇంటి ఓనర్‌తో మాట్లాడి చోటు మార్పించుకోండి.

గీజర్‌ ముందే చెబుతుంది

మంట రంగు: నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు, నారింజ రంగులోకి మారి ఊగుతుంటే గ్యాస్‌ సరిగ్గా మండటం లేదని అర్థం. వెంటనే ఆపేయండి.

మసి: గీజర్‌ పైభాగంలో, పక్క గోడ మీద నల్లమచ్చలు కనిపిస్తే తుడిచేసి ఊరుకోవద్దు. బర్నర్‌ శుభ్రం చేయించాలి.

‘భప్‌’మనే శబ్దం: వెలగడానికి ఆలస్యమై, పోగైన గ్యాస్‌ ఒక్కసారిగా అంటుకున్నప్పుడు ఇలా వస్తుంది. బ్యాటరీలు బలహీనపడి ఉండొచ్చు, బర్నర్‌లో దుమ్ము చేరి ఉండొచ్చు. బ్యాటరీలు మార్చినా శబ్దం పోకపోతే మెకానిక్‌ను పిలవండి.

వెలగకపోవడం: ముందు సెల్స్‌ కొత్తవి వేయండి. తర్వాత నీళ్లు లోపలికి వెళ్లే చోట ఉండే చిన్న జాలీ తీసి కడగండి. ట్యాంకులో నీళ్లు తగ్గి ఒత్తిడి చాలకపోయినా గీజర్‌ వెలగదు. వెలగలేదని పదే పదే ట్యాప్‌ తిప్పుతూ ఉండొద్దు.

ట్యాప్‌ కట్టేసినా మంట ఆరకపోవడం: ఇది ప్రమాదకరమైన లోపం. సిలిండర్‌ దగ్గర ఆపేయండి. బాగు చేయించేదాకా వాడొద్దు.

నీళ్లు మునుపటిలా కాగకపోవడం: బోరు నీళ్లు వాడే ఇళ్లలో లోపలి రాగి గొట్టాలకు సున్నం పేరుకుంటుంది. మంట పెంచితే గ్యాస్‌ ఖర్చే తప్ప ఫలితం ఉండదు. సున్నం తీయించాలి.

నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం: చాలా మోడళ్లలో కొంతసేపటికి దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఉంటుంది. కొన్నింటిలో ఆక్సిజన్‌ తగ్గితే ఆపేసే సెన్సర్‌ కూడా ఉంటుంది. ‘మాటిమాటికీ ఆగిపోతోంది, తీసేయ్‌’ అని మెకానిక్‌కు చెప్పొద్దు. మీ ప్రాణం కాపాడేది అదే.

రబ్బరు ట్యూబు మీద తేదీ చూసుకుని, ఐదేళ్లకోసారి మార్చండి. బిగింపుల దగ్గర సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్ల వెలిగించి మాత్రం చూడొద్దు. గ్యాస్‌ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా సిలిండర్‌ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికి వెళ్లి 1906కు ఫోన్‌ చేయండి. ఏటా దసరా దాటగానే, చలి ముదరకముందే ఒకసారి సర్వీసింగ్‌ చేయిస్తే మంచిది.

పడిపోతే ఏం చేయాలి?

తలుపు తెరిచి, గీజర్‌ ఆపి, మనిషిని వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. లోపలే కూర్చుని మొహాన నీళ్లు చల్లుతూ ఉండిపోతే మీరూ పడిపోతారు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వంటివాటితో సమయం వృథా చేయొద్దు. 108కి ఫోన్‌ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే సీపీఆర్‌ మొదలుపెట్టండి.

కొవిడ్‌ రోజుల్లో కొన్న పల్స్‌ ఆక్సీమీటర్‌ పెట్టి, ‘98 ఉంది, ఫర్వాలేదు’ అనుకోవద్దు. ఆక్సిజన్‌కూ కార్బన్‌ మోనాక్సైడ్‌కూ తేడా దానికి తెలియదు. అంకె బాగానే చూపిస్తుంది, లోపల మనిషికి ఊపిరి చాలదు.

కళ్లు తెరిచి మాట్లాడినా ఆసుపత్రికి తీసుకురండి. మామూలు గాలిలో ఉంటే ఒంట్లోని ఈ వాయువు సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్‌ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. కొందరిలో బాగైన కొన్ని రోజులకో, వారాలకో మతిమరుపు, నడకలో తడబాటు, ప్రవర్తనలో మార్పు కనిపిస్తాయి. అలాంటివి గమనిస్తే మళ్లీ రండి.

అన్నిటికంటే ముఖ్యం.. ‘మా ఇంట్లో గ్యాస్‌ గీజర్‌ ఉంది’ అన్న మాట డాక్టర్‌తో మీరే చెప్పండి. బీపీ తగ్గిందనో, ఫిట్స్‌ అనో, గుండెపోటు అనో అనుకునే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క మాటతో వైద్యం దారిలో పడుతుంది.

స్నానం చేసి వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఎవరికైనా తలనొప్పిగా ఉంటోందా? ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసే ఆదివారాల్లో చివరివాళ్లకు వికారంగా ఉంటోందా? మాత్ర వేసుకునే ముందు బాత్రూంలోకి వెళ్లి ఓసారి పైకి చూడండి. మంట ఏ రంగులో ఉంది, వెంటిలేటర్‌కు ఏదైనా అడ్డం పెట్టారా? అట్టముక్క ఉంటే ఇవాళే తీసేయండి. కాస్త చలి వేస్తుంది, అంతే.