మాటను తిరిగి తెచ్చిన ఇరుగుపొరుగు

1965 ఫిబ్రవరి 17. లాస్ ఏంజిలస్‌లో కూతురికి స్నానం చేయిస్తున్న సినీనటి పెట్రీషియా నీల్ ఉన్నట్టుండి కుప్పకూలిపోయారు. మెదడులో రక్తనాళం చిట్లింది. అప్పటికామె వయస్సు 39 ఏళ్ళు, పైగా గర్భవతి. సుదీర్ఘమైన శస్త్రచికిత్సతో వైద్యులు ప్రాణం నిలిపారు. మూడు వారాలకు స్పృహ వచ్చింది. కాని కుడికాలు, కుడిచేయి స్వాధీనంలో లేవు. మాట పడిపోయింది. అంతకు ముందు ఏడాదే ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకొన్న ఆమెకు, ఎదుట ఉన్న వస్తువుల పేర్లు సైతం నోటికి రాలేదు.

భర్త, సుప్రసిద్ధ రచయిత రోల్డ్ డాల్, ఆమెను ఇంగ్లండులోని తమ గ్రామం గ్రేట్ మిస్సెండెన్‌కు తీసుకొని వచ్చారు. చికిత్సకులు రోజంతా వెంట ఉండలేరు కదా! అందుకని ఆయన ఇరుగుపొరుగును సాయమడిగారు. ఒకరి తరువాత ఒకరు వచ్చి, గంటేసి సేపు ఆమెతో మాట్లాడేవారు, చదివించేవారు, పదాల ఆటలు ఆడించేవారు.

అలా వచ్చినవారిలో వాలెరీ ఈటన్ గ్రిఫిత్ ఒకరు. ఆమె వైద్యురాలు కాదు; ఓర్పే ఆమె అర్హత. ఆ ఆగస్టులో పెట్రీషియా ఆరోగ్యవంతమైన ఆడశిశువును ప్రసవించారు. 1968లో వచ్చిన 'ది సబ్జెక్ట్ వజ్ రోజెస్' చిత్రంలో నటించి, మళ్ళీ ఆస్కార్ పోటీలో నిలిచారు.

ఒక నటికి దక్కిన ఈ సాయం సామాన్యులకు దక్కవద్దా? గ్రిఫిత్ తమ అనుభవాన్ని 1970లో పుస్తకంగా వెలువరించారు. 1973లో బ్రిటన్‌లో స్వచ్ఛంద సేవకుల పథకం ఒకటి ఆమె చొరవతో రూపొందింది. మాట కోల్పోయినవారి ఇళ్ళకు సేవకులు క్రమం తప్పక వెళ్ళేవారు.

ఇరుగుపొరుగు వైద్యానికి బదులు కారు. పక్షవాతం లక్షణాలు కనబడిన మరుక్షణమే రోగిని ఆసుపత్రికి చేర్చవలసిందే. అందరూ పెట్రీషియావలె కోలుకొంటారనీ చెప్పలేము. కాని ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తరువాత గడవవలసిన నెలల మాటేమిటి?

మన ఇళ్ళలో జరిగేది తెలిసినదే. మొదటి వారం పళ్ళు పట్టుకొని బంధువులు బారులు తీరుతారు. నెల తిరిగేసరికి గుమ్మం బోసిపోతుంది. మిగిలేది రోగి, ఆ మంచం పక్కన భార్యో, కోడలో. ఆమెకు నిద్ర ఉండదు, తీరిక ఉండదు. అలసితినని చెప్పుకొనే చోటూ ఉండదు.

ఆ ఇంటికి వారానికి ఒక్క గంట మీరు వెళ్ళవచ్చు. చిన్న చిన్న వాక్యాలలో, నిదానంగా మాట్లాడండి. జవాబు కోసం ఆగండి. అతని మాటను మీరు పూర్తిచేయకండి. మాట పోయినంతమాత్రాన తెలివి పోలేదని మరువకండి. ఎదుటనే ఉన్న మనిషిని గురించి, లేనివానిని గురించినట్లు ఇతరులతో చెప్పుకోకండి.

ఆ గంటసేపు ఇంటి ఇల్లాలిని బజారుకో, గుడికో, లేక కాస్త కునుకు తీయడానికో పంపండి. తలా ఒక చేయి వేస్తే మోయరాని బరువు ఉండదు. గ్రేట్ మిస్సెండెన్ గ్రామస్థులు చేసినది అంతే.