ఆటల అంగడి - ఆశీలు తగవు

సంతలో సరుకు పరచుకొన్న వర్తకుడు సంత నిర్వాహకునికి ఆశీలు చెల్లించడం పూర్వం నుండీ ఉన్న ఆచారమే. స్థలమూ, నీడా, కాపలా కల్పించినందుకు అది ప్రతిఫలం. అయితే ఆ ఊరికి ఆ సంత ఒక్కటే దిక్కయినప్పుడు ఆశీలు ఎంత ఉండాలో నిర్ణయించవలసినవారెవరు? అమెరికాలో ఆపిల్ సంస్థకూ, ఎపిక్ గేమ్స్ అనే ఆటల నిర్మాణ సంస్థకూ 2020లో మొదలైన వ్యాజ్యానికి మూలం ఈ ప్రశ్నయే.

ఆపిల్ 2008లో యాప్ స్టోర్‌ను ప్రారంభించింది. వ్యాజ్యం నాటికి ఐఫోను వాడేవారు ఏ యాప్ కావాలన్నా ఆ అంగడి నుండే పొందాలి. ఎపిక్ రూపొందించిన ఫోర్ట్‌నైట్ ఆట ఉచితమే. కాని పాత్రల వేషభూషలు మొదలైనవాటిని కొనడానికి ‘వీ-బక్స్’ అనే ఆట నాణేలు కావాలి. వాటి అమ్మకంలో నూటికి 30 వంతులు ఆపిల్‌కు చెందేవి.

2020 ఆగస్టు 13న ఎపిక్ ఆ కట్టుబాటును అతిక్రమించింది. వెయ్యి నాణేలను ఆపిల్ ద్వారా కొంటే 9.99 డాలర్లు, తన వద్ద నేరుగా కొంటే 7.99 డాలర్లు అని ఆటలోనే ప్రకటించింది. ఈ మార్పును ఆపిల్ పరిశీలకుల కంటపడకుండా ముందే ఆటలో పొందుపరచింది. ఆపిల్ ఆనాడే ఆటను తొలగించింది. ఎపిక్ ఆనాడే దావా వేసింది. ఫిర్యాదు పత్రం అంత సిద్ధంగా ఉండడాన్ని బట్టి ఇది ఆవేశంలో పుట్టిన కలహం కాదని తేటతెల్లమవుతుంది.

విచారణలో వాదమంతా ‘విపణి’ అనే మాట చుట్టూ తిరిగింది. ఐఫోనే ఒక విపణి అయితే అందులో ఆపిల్‌ది తిరుగులేని గుత్తాధిపత్యం. ఫోన్లలోని ఆటల వ్యాపారమంతా ఒక విపణి అయితే ఆపిల్‌కు పోటీదారులున్నట్లే. న్యాయమూర్తి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ రెండవ దృష్టినే స్వీకరించి, ఆ విపణిలో సగానికి పైగా ఆపిల్‌దే అయినా గుత్తాధిపత్యం రుజువు కాలేదని 2021 సెప్టెంబరు 10న తీర్పు చెప్పారు. యాప్ స్టోర్ రాబడిలో దాదాపు 70 శాతం ఆటల వల్లనే వస్తున్నదనీ, దానిని సమకూర్చేవారు వినియోగదారులలో పదింట ఒక వంతైనా లేరనీ ఈ విచారణలోనే వెల్లడైంది. ఒప్పందం ఉల్లంఘించినందుకు ఎపిక్ 36 లక్షల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది.

కాని ఒక్క అంశంలో ఆపిల్ ఓడింది. బయట చౌకగా దొరుకుతుందని కొనుగోలుదారుకు చెప్పకుండా వర్తకుని నోరు కట్టివేయడం అన్యాయమని కోర్టు నిర్ణయించింది. చూడడానికి చిన్నదైనా వ్యాజ్యమంతటిలో పదునైన అంశం ఇదే. 2024 జనవరిలో సుప్రీంకోర్టు అప్పీళ్లను స్వీకరించకపోవడంతో ఆపిల్ బయటి అంగడికి దారి చూపనిచ్చింది. అయితే ఆ దారిన జరిగే కొనుగోళ్లపై సైతం 27 శాతం రుసుము విధించింది. అంటే తలుపు తెరిచి గడప మీద సుంకం పెట్టిందన్నమాట! ఇది కోర్టు ధిక్కారమేనని 2025 ఏప్రిల్ 30న ఆ న్యాయమూర్తే ప్రకటించి, ఆ రుసుమును పూర్తిగా నిషేధించారు. మరుసటి నెలలో ఫోర్ట్‌నైట్ అమెరికాలోని ఐఫోన్లకు తిరిగివచ్చింది.

2025 డిసెంబరులో అప్పీలు కోర్టు ధిక్కార నిర్ణయాన్ని సమర్థించినా, ఎంతో కొంత రుసుము పొందే అవకాశం ఆపిల్‌కు ఉండాలని అభిప్రాయపడింది. అది ఎంత ఉండాలో తేల్చే పనిని తిరిగి కింది కోర్టుకే అప్పగించింది.