దూరం ఎంత? ప్రయాణం ఎన్ని గంటలు?

కొడుకో, కూతురో అమెరికాలో ఉన్న కుటుంబాలు ఇప్పుడు మన పల్లెల్లో కూడా ఉన్నాయి. కూతురి కాన్పుకని మొదటిసారి విమానమెక్కే తల్లులున్నారు. వారిని సాగనంపి వచ్చినవారు టికెట్టు మీది గంటలు లెక్కవేసుకుని, అనుకున్న వేళకు ఫోను రాకపోతే కంగారు పడతారు. అసలు లెక్క తెలిస్తే ఆ కంగారు సగం తగ్గుతుంది.

బెంగుళూరు, శాన్‌ఫ్రాన్సిస్కోల సంగతే చూద్దాం. వీటి మధ్య నేరు దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. గోడ పటంలో అమెరికా మనకు పడమటి అంచున కనబడుతుంది. కాని బడిలోని గ్లోబు మీద ఈ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి చూడండి. అది పడమరకు పోదు, మంచు కప్పిన ఉత్తరానికి పోతుంది. 2021 జనవరిలో ఒక ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగానే బెంగుళూరు చేరింది. దానిని నడిపినవారు నలుగురూ స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి వారిలోని వారు.

ఆ విమానం 9వ తేదీ శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ బయలుదేరి, సోమవారం తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య ఇక్కడ దిగింది. వేళ్ళమీద లెక్కిస్తే 31 గంటలు! కాని అక్కడి గడియారం చలికాలంలో మనకంటే పదమూడున్నర గంటలు వెనుక. అది తీసివేస్తే ప్రయాణం దాదాపు 17 గంటలే. మార్చి నుండి నవంబరు మొదటి వరకు తేడా పన్నెండున్నర గంటలు. ఇటునుండి వెళ్ళేవారికి ఇదే తిరగబడుతుంది. మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరి 16 గంటలు ప్రయాణం చేసినా, చలికాలంలో అక్కడ అదే రోజు సాయంత్రం ఐదే అవుతుంది.

దూరం ఎక్కువైతే కాలం ఎక్కువ పడుతుందనీ చెప్పలేం. 2016 అక్టోబరులో ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం మాత్రం రెండు గంటలదాకా తగ్గింది. ఎత్తున పడమటి నుండి తూర్పుకు వీచే బలమైన గాలి వెనుకనుండి తోయడమే కారణం.

కనుక పెద్దవారిని పంపేటప్పుడు బయలుదేరే వేళ, దిగే వేళ రెండూ మన గడియారం ప్రకారం కాగితం మీద వ్రాసి ఇంట్లో పెట్టుకుందాం. మధ్యలో విమానం మారితే అక్కడ ఆగే గంటలు కూడా కలుపుకోవాలి. దిగిన తరువాత తనిఖీలకు, సామాను రావడానికి గంటో రెండు గంటలో పడుతుంది. బి.పి., షుగరు మందులు పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో ఉంచాలి. అన్ని గంటలు కదలక కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేయమని, నీళ్ళు త్రాగమని చెప్పి పంపుదాం.