అనంతపురంలో ఫ్లాట్ కొంటున్నారా? ధర కన్నా ముందు నీళ్ల సంగతి అడగండి!

వేరుశనగ పంట మీద, బెంగళూరు పనుల మీద ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు. దానికి బ్యాంకు లోన్ కలిపి అనంతపురంలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. పిల్లల చదువుల కోసం పల్లె వదిలి టౌన్‌కి వచ్చే చాలా కుటుంబాల ప్లాన్ ఇదే. తప్పు ఫ్లాట్ కొంటే మళ్లీ కొనే శక్తి ఉండదు. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే ఇవి చూసుకోవాలి.

మొదటి ప్రశ్న నీళ్లే

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. కింద గట్టి రాతి నేల. రాయి పగుళ్లలో నీరు ఉంటేనే బోరు పడుతుంది. ఇవాళ బాగా పోస్తున్న బోరు రెండేళ్ల తర్వాత కూడా పోస్తుందన్న గ్యారంటీ లేదు. టౌన్ తాగునీటికి ఆధారమైన పీఏబీఆర్ రిజర్వాయర్‌కు తుంగభద్ర నీళ్లు హెచ్చెల్సీ కాలువ ద్వారా వస్తాయి.

ఒక చిన్న లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే నలుగురున్న ఇంటికి 540 లీటర్లు కావాలి. 20 ఫ్లాట్లకు 10,800 లీటర్లు. బోరు ఎండితే రోజుకు 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండు తెప్పించినా చాలవు. ఆ ఖర్చు నెలనెలా మెయింటెనెన్స్‌లో మీ మీదే పడుతుంది.

కాబట్టి బిల్డర్‌ని ఇవి అడగండి:
- మున్సిపల్ కుళాయి కనెక్షన్ ఉందా? సంపు ఎన్ని లీటర్లు?
- బోర్లు ఎన్ని? ఎన్ని అడుగుల లోతు?
- వాన నీళ్లు ఇంకే గుంత తవ్వారా?
- బోరు నీళ్లకు ఫ్లోరైడ్ టెస్ట్ చేయించారా? ఈ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య పాతదే.

బిల్డర్ చెప్పింది విని ఊరుకోకండి. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడిగితే మే నెలలో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో చెప్పేస్తాడు.

రెరా ఉందా, లేదా?

2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో, కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. దాన్ని ఆ ప్రాజెక్టు స్థలానికి, కట్టడానికే వాడాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. అంటే 40 లక్షల ఫ్లాట్‌కు 4 లక్షలు దాటకూడదు. ఫ్లాట్ అప్పగించాక ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగు చేయాలి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చిన్న అపార్ట్‌మెంట్లు కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది అందుకే.

ఏ కాగితాలు చూడాలి?

- 30 ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు.
- సర్వే నంబర్ 22-ఎ నిషేధిత జాబితాలో ఉందా? డీ-పట్టా భూమి అయితే ముందుకెళ్లొద్దు.
- ప్లాన్‌లో ఉన్నన్ని అంతస్తులే కట్టారా?
- ప్లాన్ అనుమతి ఇచ్చేటప్పుడు 10 శాతం కట్టడాన్ని అధికారులకు తనఖా పెట్టించుకుంటారు. మీరు చూసిన ఫ్లాట్ అందులో లేదని తేల్చుకోండి.
- సేల్ డీడ్‌లో మీ వాటా స్థలం ఎన్ని గజాలో స్పష్టంగా ఉండాలి.

ధర మీద ఇంకెంత?

రిజిస్ట్రేషన్‌కు స్టాంప్ డ్యూటీ, ఇతర ఫీజులు కలిపి 7.5 శాతం. 40 లక్షలకు 3 లక్షలు. కట్టడం నడుస్తుండగా కొంటే జీఎస్టీ 5 శాతం. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతమే. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. బ్రోచర్‌లో కనిపించేది సూపర్ బిల్టప్ ఏరియా. గోడల లోపల మీకు మిగిలేది కార్పెట్ ఏరియా. ధరను దాంతోనే భాగించి చూసుకోండి.

వీలైతే ఎండాకాలంలోనే ఫ్లాట్ చూడటానికి వెళ్లండి. వంటింటి కుళాయి తిప్పండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిశాకే అడ్వాన్స్ ఇవ్వండి.