అభిమాని అలిగితే ఆశ ఉన్నట్టే.. మౌనం వహిస్తేనే ముప్పు

'ఇండియానా జోన్స్‌' కొనసాగింపు చిత్రాలు నేర్పిన పాఠం

ఒక సినిమాను పాత అభిమానులు నోరారా తిట్టారు. అయినా అది ప్రపంచవ్యాప్తంగా సుమారు 79 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అదే వరుసలో వచ్చిన తదుపరి చిత్రాన్ని అంతగా తిట్టినవారు లేరు. చూసి వచ్చినవారిలో ఎక్కువమంది ఫర్వాలేదనే అన్నారు. కానీ దాని వసూళ్లు 38 కోట్ల డాలర్ల దరిదాపుల్లోనే ఆగిపోయాయి. మొదటిది 2008లో వచ్చిన 'ఇండియానా జోన్స్‌ అండ్‌ ద కింగ్‌డమ్‌ ఆఫ్‌ ద క్రిస్టల్‌ స్కల్‌'. రెండోది 2023లో వచ్చిన 'ఇండియానా జోన్స్‌ అండ్‌ ద డయల్‌ ఆఫ్‌ డెస్టినీ'. తిట్లు తిన్న చిత్రం గట్టెక్కడం, మన్నన పొందిన చిత్రం మునగడం వింతగా తోచవచ్చు. కారణాలు పరిశీలిస్తే మాత్రం అభిమానం స్వభావం ఎటువంటిదో బోధపడుతుంది.

ఎవరీ జోన్స్‌?

హాలీవుడ్‌ దర్శకులు జార్జ్‌ లూకాస్‌, స్టీవెన్‌ స్పీల్‌బర్గ్‌ 1977 మే నెలలో హవాయి దీవుల్లో సేదతీరుతుండగా ఈ పాత్రకు బీజం పడింది. లూకాస్‌ తీసిన 'స్టార్‌ వార్స్‌' విడుదలైన రోజులవి. 1930, 40 దశకాల్లో అమెరికా థియేటర్లలో వారానికో భాగం చొప్పున ఆడిన సాహస ధారావాహికల తరహాలో ఒక చిత్రం తీద్దామని వారిద్దరూ అనుకున్నారు. కళాశాలలో పాఠాలు చెప్పే పురావస్తు ఆచార్యుడు, సెలవు దొరికితే కొరడా, టోపీ ధరించి పురాతన వస్తువుల వేటకు బయలుదేరడమే కథాంశం. హారిసన్‌ ఫోర్డ్‌ కథానాయకుడిగా 'రైడర్స్‌ ఆఫ్‌ ద లాస్ట్‌ ఆర్క్‌' పేరిట 1981 జూన్‌ 12న అది విడుదలైంది. ఆ ఏడాది అమెరికాలో అత్యధిక వసూళ్లు సాధించిన చిత్రంగా నిలిచింది. 1984లో 'టెంపుల్‌ ఆఫ్‌ డూమ్‌', 1989లో 'లాస్ట్‌ క్రూసేడ్‌' వచ్చాయి. మూడో చిత్రం చివర కథానాయకుడు తండ్రితో, మిత్రులతో కలిసి గుర్రాలపై అస్తమిస్తున్న సూర్యుడి వైపు సాగిపోతాడు. కథ కంచికి చేరిందనే అభిమానులు భావించారు.

పిల్లలే తీసిన సినిమా

ఈ చిత్రం పట్ల అమెరికా బాలల్లో ఎంతటి మమకారం ఉండేదో తెలియజేసే ఉదంతం ఒకటున్నది. మిసిసిపీ రాష్ట్రంలోని ఓషన్‌ స్ప్రింగ్స్‌ అనే చిన్న పట్టణంలో క్రిస్‌ స్ట్రాంపోలోస్‌, ఎరిక్‌ జాలా, జేసన్‌ లాంబ్‌ అనే ముగ్గురు బాలురు 1982లో ఒక పనికి పూనుకున్నారు. 'రైడర్స్‌' చిత్రాన్ని మొదటి సన్నివేశం నుంచి చివరి సన్నివేశం దాకా ఉన్నదున్నట్టు తామే నటించి తీయాలన్నది వారి సంకల్పం. వేసవి సెలవుల్లో, ఇంటి నేలమాళిగలో, కాపాడుకున్న చిల్లర డబ్బులతో ఏడేళ్లపాటు తీశారు. మొదట్లో బాలుడిగా కనిపించే కథానాయకుడు చివరికొచ్చేసరికి నూనూగు మీసాల యువకుడు అవుతాడు. చాలా ఏళ్ల తర్వాత 2003లో అది టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. చూసిన స్పీల్‌బర్గ్‌ వారిని మెచ్చుకుంటూ లేఖలు రాయడం విశేషం. డబ్బు చాలక వదిలేసిన విమానం సన్నివేశాన్ని సైతం వారు నడివయసుకు చేరాక, 2014లో చిత్రీకరించి పూర్తి చేశారు.

19 ఏళ్ల నిరీక్షణ

ఇటువంటి అభిమానులు 19 ఏళ్లు ఎదురుచూశాక 2008 మే 22న నాలుగో చిత్రం తెరపైకి వచ్చింది. అప్పటికి ఫోర్డ్‌ వయసు 65. కథ 1957కు మారింది. నాజీల స్థానంలో సోవియట్‌ గూఢచారులు ప్రతినాయకులయ్యారు. రష్యాలోని సెయింట్‌ పీటర్స్‌బర్గ్‌ కమ్యూనిస్టులు చిత్రాన్ని బహిష్కరించాలని పిలుపునివ్వడం అప్పట్లో వార్తయింది. విమర్శకులు చాలావరకు మంచి మాటే రాశారు. ఆగ్రహం వ్యక్తమైంది పాత అభిమానుల నుంచే.

వారి ఫిర్యాదులు ప్రధానంగా నాలుగు. అణుబాంబు పరీక్ష జరిగే చోట కథానాయకుడు ఫ్రిజ్‌లో దాక్కుని, పేలుడు ధాటికి అంతదూరం ఎగిరిపడినా చెక్కుచెదరకుండా బయటకు రావడం మొదటిది. కొడుకు పాత్రధారి షయా లబఫ్‌ కోతుల గుంపుతో కలిసి అడవి తీగలు పట్టుకుని ఊగడం రెండోది. దేవుడి మహిమలతో నడిచిన కథలోకి గ్రహాంతరవాసులు రావడం మూడోది. పాత పద్ధతిలోనే నిజమైన స్టంట్లు ఉంటాయని నిర్మాతలు ముందు చెప్పినా, తెరపై కంప్యూటర్‌ గ్రాఫిక్స్‌ ఎక్కువగా కనిపించడం నాలుగోది. మొదటి ఫిర్యాదు ఎంతగా వ్యాపించిందంటే, ఒక చిత్రపరంపర హద్దు మీరి చెడిపోయిందని చెప్పడానికి 'ఫ్రిజ్‌ను పేల్చారు' అనే అర్థంలో ఇంగ్లిషులో కొత్త నానుడే పుట్టింది.

తర్కం కాదు.. నొప్పి

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. 1984 నాటి చిత్రంలో కథానాయకుడు కూలిపోతున్న విమానం నుంచి గాలి నింపిన రబ్బరు పడవపై దూకి, మంచు కొండల మీదుగా జారి ప్రాణాలతో బయటపడతాడు. అదీ అసంభవమే. దాన్ని ఒప్పుకున్నవారు ఫ్రిజ్‌ను ఎందుకు ఒప్పుకోలేదు?

కారణం తర్కంలో లేదు, శరీరంలో ఉన్నది. తొలి చిత్రంలో గుహలో దొర్లుకొచ్చే బండ ఫైబర్‌గ్లాస్‌తో చేసినదే అయినా దాని ముందు ఫోర్డ్‌ స్వయంగా పరుగెత్తారు. కదులుతున్న లారీ కింద నేలపై ఈడ్చుకుపోయిన సన్నివేశంలో టెర్రీ లియొనార్డ్‌ అనే స్టంట్‌ నిపుణుడు నిజంగానే లారీ కిందికి వెళ్లారు. పాముల గదిలో వేల సంఖ్యలో నిజమైన పాములున్నాయి. ఆ లారీ పోరాటం ముగిశాక కథానాయకుడు ఒళ్లంతా దెబ్బలతో మూలుగుతూ పడుకుంటాడు. నాయిక మేరియన్‌ నొప్పి లేని చోటు ఎక్కడుందో చూపమంటుంది. ఇండియానా జోన్స్‌ను సూపర్‌మ్యాన్‌ నుంచి వేరు చేసింది ఈ నొప్పే. ప్రేక్షకుడు నమ్మింది అతని గెలుపును కాదు, అతని గాయాన్ని. ఫ్రిజ్‌ నుంచి బయటపడినవాడికి గాయమే కాలేదు. అభిమాని దృష్టిలో అసలు అపచారం అదే.

ఈ కోపం ఎంత బలమైనదో చిత్రబృందం స్పందనే చెబుతుంది. తాతల నాటి వారసత్వాన్ని తాను జారవిడిచానని లబఫ్‌ 2010లో బహిరంగంగా అన్నారు. ఫ్రిజ్‌ ఆలోచన తనదేనని, లూకాస్‌ను నిందించవద్దని స్పీల్‌బర్గ్‌ 2011లో చెప్పారు. మిత్రుడు తనను కాపాడేందుకే అలా అన్నాడని లూకాస్‌ మరుసటి ఏడాది వివరణ ఇచ్చారు. విడుదలై మూడు నాలుగేళ్లు గడిచినా ఒక సన్నివేశానికి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చిందంటే ఆ అభిమానులు ఇంకా అక్కడే ఉన్నారని అర్థం. వారు తిట్టడానికైనా టికెట్‌ కొన్నారు, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారు.

2023లో ఏం జరిగింది?

2012లో లూకాస్‌ సంస్థను డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. ఐదో చిత్రానికి స్పీల్‌బర్గ్‌ స్థానంలో జేమ్స్‌ మ్యాన్‌గోల్డ్‌ దర్శకత్వం వహించారు. 2023 మే 18న కాన్‌ చిత్రోత్సవంలో తొలి ప్రదర్శన జరిగింది. జూన్‌ 30న అమెరికాలో విడుదలయ్యే నాటికి ఫోర్డ్‌కు 80 ఏళ్లు. 1944లో జరిగే ప్రారంభ సన్నివేశాల్లో ఆయన ముఖాన్ని సాంకేతికంగా యౌవనంలోకి మార్చారు. ఆ తర్వాత కథ 1969కి వస్తుంది. కొడుకు వియత్నాం యుద్ధంలో మరణించాడు, భార్య విడాకులు కోరుతోంది, పదవీ విరమణ జరిగింది. మనిషి చంద్రుడిపై అడుగుపెట్టిన కాలంలో పాత వస్తువుల ఆచార్యుడు ఎవరికీ అక్కరలేనివాడయ్యాడు. ఆర్కిమెడిస్‌ తయారు చేశాడని చెప్పే చక్రం కోసం సాగే వేట అతన్ని పురాతన గ్రీకుల కాలానికి చేరుస్తుంది.

అభిమానుల మాట ఈసారి మెత్తబడింది. యువముఖం బాగుందని కొందరు, ముఖం కుర్రవాడిది గొంతు ముసలివాడిదని కొందరు అన్నారు. కథానాయకుడు అంతగా కుంగిపోయి కనిపించడం కొందరిని బాధించింది. ముగింపులో మేరియన్‌ తిరిగి రావడం, 1981 నాటి నొప్పి సంభాషణ ఈసారి పాత్రలు తారుమారై వినిపించడం ఎక్కువమందిని కదిలించింది. థియేటర్‌ నుంచి బయటకు వచ్చే ప్రేక్షకులతో మార్కులు వేయించే 'సినిమాస్కోర్‌' సంస్థ లెక్కలో 2008 చిత్రానికి 'బి' రాగా, 2023 చిత్రానికి అంతకంటే మెరుగైన 'బి ప్లస్‌' దక్కింది.

హాళ్లు మాత్రం నిండలేదు. అమెరికాలో మొదటి శుక్ర, శని, ఆదివారాల్లో 2008 చిత్రానికి సుమారు 10 కోట్ల డాలర్లు రాగా, 2023 చిత్రానికి 6 కోట్లే వచ్చాయి. టికెట్‌ ధరలు 15 ఏళ్లలో పెరిగిన సంగతి కూడా కలుపుకుంటే తేడా మరింత పెద్దది. నిర్మాణ వ్యయమే 30 కోట్ల డాలర్ల దాకా ఉండటంతో నష్టం తప్పలేదు.

లెక్క చెబుతున్న నిజం

1981లో పదేళ్ల బాలుడు 2008 నాటికి 37 ఏళ్ల తండ్రి. థియేటర్‌కు పిల్లల్ని తీసుకెళ్లే వయసది. అదే వ్యక్తికి 2023లో 52 ఏళ్లు. పిల్లలు పెద్దవారై తమ సినిమాలు తామే ఎంచుకుంటున్నారు. 2023లో 25 ఏళ్లున్న యువకుడు మూడో చిత్రం వచ్చిన తొమ్మిదేళ్లకు పుట్టాడు. అతనికి పదేళ్లప్పుడు కొత్తగా వచ్చిన 'ఇండియానా జోన్స్‌' చిత్రమంటే ఇంట్లో పెద్దలు తిట్టిన ఆ నాలుగోదే. తొలి వారం వచ్చిన ప్రేక్షకుల్లో పెద్ద వయసువారే అధికంగా ఉండటానికి కారణమిదే. రెండు మూడు వారాల్లోనే 'మిషన్‌ ఇంపాజిబుల్‌', 'బార్బీ', 'ఓపెన్‌హైమర్‌' పోటీకి రావడం, కరోనా తర్వాత ఇంట్లోనే చూద్దామనే అలవాటు పెరగడం కూడా తోడయ్యాయి. కోపగించేవారు తగ్గడానికి చిత్రం నచ్చడమొక్కటే కారణం కాదు, పట్టించుకునేవారు తగ్గడం కూడా.

తెలుగువారికి సంబంధమేమిటి?

ఈ చిత్రాలకూ మన ప్రేక్షకులకూ పాత బంధమే ఉన్నది. 1984 నాటి 'టెంపుల్‌ ఆఫ్‌ డూమ్‌' కథ భారతదేశంలోనే సాగుతుంది. కథలోని అంశాలపై అభ్యంతరంతో అధికారులు అనుమతి నిరాకరించగా శ్రీలంకలోని కాండీ పరిసరాల్లో చిత్రీకరించారు. కాళికాదేవి ఆరాధనను నరబలితో ముడిపెట్టడం, రాజభవనం విందులో పాములు, కోతి మెదడు వడ్డించినట్టు చూపడం విమర్శలకు గురైంది. అందులో ప్రతినాయకుడు మోలారామ్‌గా కనిపించిన అమ్రీష్‌ పురి, 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మహాద్రష్టగా తెలుగు ప్రేక్షకులను అలరించిన సంగతి తెలిసిందే. ఐదో చిత్రం 2023 జూన్‌ 29న మన దేశంలో తెలుగు అనువాదంతోనూ విడుదలైంది.

అంతకు నెల రోజుల ముందే, మే 31న కృష్ణ జయంతి సందర్భంగా 1971 నాటి 'మోసగాళ్లకు మోసగాడు' చిత్రాన్ని మళ్లీ విడుదల చేయడం గమనార్హం. అదీ నిధి వేటే. ఇక్కడ ఒక భేదం చూడాలి. మన దగ్గర అభిమానం సాధారణంగా నటుడిది. చిత్రం బాగాలేకపోతే నెపం దర్శకుడి మీదికి పోతుంది, నటుడి తర్వాతి చిత్రానికి అభిమాని మళ్లీ కటౌట్‌ కడతాడు. అక్కడి అభిమానం పాత్రది. ఆ పాత్రకు హాని జరిగిందనుకుంటే నటుణ్నీ, దర్శకుణ్నీ, రచయితనూ ఎవరినీ విడిచిపెట్టరు. పాత్రకు వయసు మీరితే మరో నటుణ్ని ఆ స్థానంలో ఊహించుకోలేరు కూడా.

ఈ విషయం మన పరిశ్రమకూ అవసరమే. మహేశ్‌బాబుతో తాను తీసే చిత్రం ప్రపంచమంతా తిరిగే సాహసగాథ అని రాజమౌళి 2022లోనే చెప్పారు. 2025 నవంబరులో రామోజీ ఫిల్మ్‌ సిటీలో జరిగిన వేడుకలో దాని పేరు 'వారణాసి' అని ప్రకటించారు. సాహసగాథలకు ఖర్చు, గ్రాఫిక్స్‌ ఎంత ముఖ్యమో, కథానాయకుడి ఒంటిపై దెబ్బ ప్రేక్షకుడికి తగలడం అంతకంటే ముఖ్యమని జోన్స్‌ అభిమానులు 2008లోనే తేల్చి చెప్పారు.

టోపీ ఎవరికి?

2008 చిత్రం చివర గాలికి దొర్లిన టోపీని కొడుకు తీసి పెట్టుకోబోతుండగా జోన్స్‌ లాక్కుంటాడు. 2023 చిత్రం చివర తీగపై ఆరవేసిన టోపీని మళ్లీ ఆ చెయ్యే అందుకుంటుంది. రెండుసార్లూ టోపీ మరొకరికి దక్కలేదు. మొదటిసారి హాలు నిండా జనం ఉన్నారు, దాన్ని చూసి నవ్వుకున్నారు, అలిగారు, ఇంటికెళ్లి వాదించుకున్నారు. రెండోసారి ఆ టోపీ విలువ తెలిసినవారు కొందరే వచ్చి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారు. కొనసాగింపు తీసేవారు అభిమానుల ఆగ్రహానికి వెరవనక్కరలేదు. పదేళ్ల పిల్లవాడికి ఆ టోపీ ఎవరిదో తెలియని రోజు వచ్చిందా అన్నదే వారు చూసుకోవలసిన విషయం.